పవర్ స్టీరింగ్ బెల్టు ఒర్లుతుంటే ముందు చూడాల్సింది బ్రాకెట్‌ను

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా నాయన కొన్న 1996 మోడల్ టాటా మొబైల్ 206 పికప్ ఇప్పటికీ మంచిగనే నడుస్తున్నది. సీజన్ల ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి దీంట్లనే తీసుకపోతం. మూడేండ్ల కింద పవర్ స్టీరింగ్ పెట్టించినం. అప్పటిసంది ఫుల్ కటింగ్ కొడితే చాలు, బెల్టు కీచుమని ఒర్లుతది. ఎనిమిది నెలల్ల మూడు బెల్టులు మార్చినం. మేస్త్రీ బిగిస్తడు, పది రోజులకు మళ్ల మొదలు. సబ్బు రుద్దితే రెండు రోజులు ఆగింది. వానల కూడ కొద్దిసేపు గమ్మునుంటది. తీసేసిన బెల్టు చూస్తే ఒక్క పక్కనే నిగనిగ మెరుస్తున్నది. ఇప్పుడేమో పంపే మార్చాలంటున్నరు. నిజంగ పంపే పోయిందా?

సమాధానం: స్టీరింగ్‌కు ఆయిల్ ఒత్తిడి ఇచ్చే పంపు ఇప్పుడే కొనకండి, ఇంకొన్ని రోజులు ఆగండి. అసలు సంగతి మీ ఉత్తరంలోనే మూడు చోట్ల బయటపడింది. సబ్బు రుద్దితే ఆగింది, వానలో ఆగింది, బెల్టు ఒక్క పక్కనే మెరిసింది. ఈ మూడూ కలిస్తే అనుమానం పంపు మీదికి కాదు, పంపును పట్టుకున్న బ్రాకెట్ మీదికి పోవాలి.

బెల్టు రెండు కారణాలకు అరుస్తుంది. ఒకటి జారడం. లాగాల్సిన బరువు ఎక్కువై, పట్టు చాలక, పుల్లీ మీద రబ్బరు జారుతూ రాసుకుంటుంది. అప్పుడు వచ్చేది సాగదీసిన కూత. ఇలా జారే బెల్టు మీద నీళ్లు పడితే కూత పెరుగుతుంది, ఉన్న పట్టు కూడా పోతుంది కాబట్టి. రెండోది వంకర. రెండు పుల్లీలు ఒకే వరసలో లేకపోతే బెల్టు గాడిలోకి దిగిన ప్రతిసారీ ఒక గోడను రుద్దుకుంటూ దిగుతుంది. ఈ చప్పుడు నీళ్లతోనో సబ్బుతోనో కొంతసేపు తగ్గుతుంది, రాపిడి నున్నబడుతుంది కాబట్టి. మీది రెండో రకం. ఫుల్ కటింగ్‌లోనే ఎందుకు వస్తుందో కూడా చెప్పొచ్చు. స్టీరింగ్ కొసకు చేరినప్పుడు పంపులో ఒత్తిడి గరిష్ఠానికి పోయి, అది మితిమీరకుండా ఆపే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది. బెల్టు పంపును గట్టిగా లాగేది అప్పుడే. బ్రాకెట్ బలహీనంగా ఉంటే ఆ లాగుడుకు పంపు ముక్కు, అంటే పుల్లీ ఉన్న కొస, బెల్టును తిప్పే ఇంజిన్ క్రాంక్ పుల్లీ వైపు ఒరుగుతుంది. వరస తప్పుతుంది, బెల్టు గోడ ఎక్కుతుంది, ఒర్లుతుంది. స్టీరింగ్ వదలగానే పంపు తన చోటికి వస్తుంది. బండి ఆపి, ఇంజిన్ బంద్ చేసి చూసే మేస్త్రీకి అంతా సరిగానే కనిపించడానికి కారణం ఇదే.

ఇది పరీక్షించడానికి ఒక తోడు మనిషి, టార్చి, తెల్ల గోళ్ల రంగు లేదా వైట్‌నర్ చాలు. ఇంజిన్ బంద్ చేసి తాళంచెవి జేబులో వేసుకోండి. పంపు చెవి (బోల్టు పట్టే భాగం) మీద మొదలై బ్రాకెట్ ప్లేటు మీదికి వచ్చేలా సన్నటి తెల్ల గీత గీయండి. ప్లేటు మీంచి ఇంజిన్ బ్లాకు మీదికి ఇంకో గీత. సర్దుబాటు బోల్టు తల మీంచి ప్లేటు మీదికి మూడోది. ఆరిన తర్వాత తోడు మనిషిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, న్యూట్రల్‌లో పెట్టించి, హ్యాండ్ బ్రేకు లాగించి స్టార్ట్ చేయించండి. మీరు బండి పక్కన నిలబడి టార్చి వెలుగు గీతల మీద వేయండి. కండువా, లుంగీ కొస, వదులు చొక్కా చేయి ఫ్యాన్ దగ్గరికి పోకూడదు. ఇప్పుడు స్టీరింగ్ ఒక కొసకు తిప్పించి అయిదు సెకన్లు మాత్రమే పట్టుకోమనండి. అంతకంటే ఎక్కువ పట్టుకుంటే పంపులో ఆయిల్ కాగిపోతుంది. చూడాల్సింది పంపు ముక్కు కదులుతుందా అని. రెండు మూడు మిల్లీమీటర్లు ఒరిగినా కంటికి తెలుస్తుంది. తర్వాత ఇంజిన్ ఆపి గీతలు చూడండి. పంపుకూ ప్లేటుకూ మధ్య గీత తెగితే పంపు బోల్టులు వదులు. ప్లేటుకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య గీత తెగితే బ్రాకెట్ బోల్టులు వదులు. బోల్టు తల దగ్గర తెగితే సర్దుబాటు బోల్టు తన కాడి (బోల్టు జరిగే పొడవాటి సందు) లో జారుతోంది. ఏదీ తెగకుండా పంపు మాత్రం ఒరుగుతుంటే ప్లేటే వంగుతోంది.

ఇంకోటి తప్పకుండా చూడండి. పంపు బ్రాకెట్ ఇంజిన్‌కు బిగించి ఉందా, ఛాసిస్‌కు బిగించి ఉందా? తర్వాత పెట్టించిన పవర్ స్టీరింగుల్లో జాగా సులువుగా దొరుకుతుందని ఛాసిస్ మీద పెట్టేసేవాళ్లు ఉన్నారు. ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. క్లచ్ వదిలిన ప్రతిసారీ, గుంతలో పడ్డ ప్రతిసారీ రెండు పుల్లీల మధ్య దూరం మారుతుంది. ఎంత బిగించినా అలాంటి బెల్టు నిలవదు. మీది అలాగే ఉంటే కింద చెప్పిన మరమ్మతులన్నీ వృథా. ముందు పంపును ఇంజిన్ మీదికి మార్చాలి.

పుల్లీల వరస కొలవడానికి ఇంజిన్ బంద్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, బెల్టు విప్పండి. పొడవాటి స్టీలు స్కేలునో, వంకర లేని చదరపు పైపునో క్రాంక్ పుల్లీ ముఖానికి ఆనించి పంపు పుల్లీ దాకా చాపండి. క్రాంక్ పుల్లీకి రెండు చోట్లా, పంపు పుల్లీకి రెండు చోట్లా, అంటే నాలుగు చోట్లా స్కేలు అంటాలి. పుల్లీల అంచుల మందం వేరుగా ఉంటే ముఖాన్ని నమ్మకండి. గాడి మధ్య నుంచి గాడి మధ్యకు నూలు దారం బిగదీసి చూడండి. మధ్య దూరం అడుగు ఉంటే తేడా రెండు మిల్లీమీటర్లు దాటకూడదు. స్కేలు పంపు పుల్లీకి పైన అంటి కింద అంటకపోతే పంపు పక్కకు జరగలేదు, తల వాల్చింది. ఇది వాషర్లతో తేలే పని కాదు, బ్రాకెట్ ముఖాన్నే సరిచేయాలి. పక్కకు మాత్రమే జరిగి ఉంటే స్పేసర్ వేస్తే సరిపోతుంది. ఆ స్పేసర్‌ను లేతు షాపులో ఒకే ముక్కగా తీయించండి. నాలుగైదు వాషర్లు దొంతరగా పెడితే నెల తిరిగేలోగా అవి అణిగి బోల్టు వదులైపోతుంది. బిగించినా పది రోజులకే మళ్లీ రావడానికి మీ బండిలో ఇది కూడా కారణం కావచ్చు.

క్రాంక్ పుల్లీ సంగతి కూడా చూడండి. పాత బండికి పవర్ స్టీరింగ్ పెట్టేటప్పుడు సాధారణంగా ఉన్న పుల్లీ ముందు ఇంకో గాడి పుల్లీని బోల్టులతో కలుపుతారు. ఆ రెండోది సరిగ్గా నడిమధ్యన కూర్చోకపోతే ఇంజిన్ తిరిగేటప్పుడు ఊగుతుంది. ఐడిల్‌లో పక్క నుంచి చూస్తే సైకిల్ చక్రం బకిలైనట్టు అంచు ఇటూ అటూ ఆడుతుంది. బోల్టులు ఎంత బిగించినా నడిమధ్యకు రాదు. లేతులో దాని మధ్య రంధ్రాన్ని పాత పుల్లీ గుబ్బకు బిర్రుగా సరిపోయేలా తీయించాలి.

ఇప్పుడు గాడి. V ఆకారపు బెల్టు పని అంతా దాని పక్క గోడలతోనే, అడుగుతో కాదు. గాడి కోణం మామూలుగా 34 నుంచి 38 డిగ్రీలు. లాగుతున్నకొద్దీ బెల్టు ఆ కోణంలో చీలలా ఇరుక్కుంటుంది, పట్టు దొరుకుతుంది. బెల్టు పైముఖం పుల్లీ అంచుకు సమానంగానో, ఒక మిల్లీమీటరు పైకో ఉండాలి. కింద గాడి అడుగుకు అంటకూడదు. మీ పుల్లీ గాడి అడుగున టార్చి వేసి చూడండి. అక్కడ లోహం అద్దంలా మెరుస్తుంటే బెల్టు అడుగుకు కూర్చుంటోంది. చీలలా ఇరుక్కోవడం లేదు కాబట్టి ఎంత బిగించినా జారుతుంది. గాడి గోడ మీద స్టీలు స్కేలు అంచు నిలువుగా ఆనించి వెనక నుంచి వెలుగు వేయండి. గోడ నడుమ పల్లమై వెలుగు దాదాపు మిల్లీమీటరు మందాన కనిపిస్తే ఆ పుల్లీ పని అయిపోయింది. అరిగిన పుల్లీకి కొత్త బెల్టు వేయడం డబ్బు దండగ.

మన దిక్కు పుల్లీ గాడులు తొందరగా అరగడానికి దుమ్ము పెద్ద కారణం. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డులో ఇంజిన్ గదిలోకి పీచు ఎగిరివచ్చి గాడిలో చుట్టుకుని గట్టి పొరలా అణుగుతుంది. దాని మీద బెల్టు ఎత్తుగా కూర్చుని గోడలకు సగమే అంటుతుంది. గ్రానైట్, కంకర మోసే బండ్లకైతే ఆ పొడి ఆయిల్‌తో కలిసి సాన పట్టినట్టు గోడలను తినేస్తుంది. బెల్టు విప్పినప్పుడల్లా గాడిని పొడి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. పొర కదలకపోతే పుల్లీ ఊడదీసి వైర్ బ్రష్ వాడండి. డీజిల్‌తో కడిగితే ఆ జిడ్డంతా కొత్త బెల్టుకు అంటుతుంది, అది మాత్రం వద్దు.

బెల్టు కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి ఉంది. గిర్నీలకు, మోటార్లకు వాడే బెల్టుల మీద A 38 అని ఉంటుంది. అంటే లోపలి చుట్టుకొలత 38 అంగుళాలు, 965 మిల్లీమీటర్లు. A సైజు బెల్టు 13 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం కాబట్టి దాని బయటి చుట్టుకొలత సుమారు 1015 వస్తుంది. బండ్ల బెల్టు మీద AV 13 × 1000 అని ఉంటే ఆ 1000 బయటి చుట్టుకొలత. లోపలి కొలతనూ బయటి కొలతనూ ఒకటే అనుకుంటే 50 మిల్లీమీటర్లు తేడా పడుతుంది. బెల్టు ఎక్కదు, లేదా సర్దుబాటు కాడి కొస దాకా జరిపినా బిగుసుకోదు. AV 10 అయితే వెడల్పు 10 మిల్లీమీటర్లు. 13 గాడిలో 10 బెల్టు పెడితే అది నేరుగా అడుగుకు దిగుతుంది. పాత బెల్టు సాగి ఉంటుంది, దాన్ని కొలిచి కొత్తది కొనకండి. పంపును కాడిలో మూడోవంతు జరిపిన చోట నిలిపి, రెండు పుల్లీల చుట్టూ గాడి పైఅంచు వెంట దారం తిప్పి, ఆ దారాన్ని కొలవండి. అదే మీకు కావాల్సిన బయటి కొలత. రకాల్లో లోపలివైపు పళ్లున్న, పక్కలు కోసినట్టుండే బెల్టు అడగండి. పంపు పుల్లీ చిన్నది. దాని చుట్టూ పళ్ల బెల్టు సులువుగా వంగుతుంది, తక్కువ కాగుతుంది. చుట్టూ గుడ్డ తొడుగు ఉండే బెల్టు పెద్ద పుల్లీల గిర్నీలకు మేలు గానీ ఇక్కడ త్వరగా జారుతుంది.

బ్రాకెట్ ప్లేటు వంగుతున్నట్టు తేలితే, ప్లేటు మందం చూడండి. ఆరు మిల్లీమీటర్ల ప్లేటు ఒక్క పక్క పట్టుతో నిలబడి ఉంటే అది వంగడం సహజం. ఎనిమిది లేదా పది మిల్లీమీటర్ల ప్లేటుతో మళ్లీ చేయించండి. ఇంజిన్ బ్లాకుకు కనీసం మూడు బోల్టులు పడాలి, మూల దగ్గర త్రికోణం ముక్క వెల్డింగ్ చేయాలి. ముఖ్యంగా పంపు వెనక నుంచి కూడా ఒక పట్టు రావాలి. ముందు చెవులతో మాత్రమే వేలాడే పంపు ఎప్పటికైనా తల వాలుస్తుంది. వెల్డింగ్ బండి మీద చేయనీయకండి, బ్రాకెట్ విప్పి తీసుకుపోండి. వెల్డింగ్ వేడికి ప్లేటు మెలి తిరుగుతుంది కాబట్టి బిగించాక స్కేలు పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, పని అంతా చేసి కూత పోలేదంటారు. బోల్టులు తల మీద 8.8 అనే గట్టిదనం గుర్తున్నవి వాడండి. 13 నంబరు పానా పట్టే ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు, 17 నంబరు పానా పట్టే పది మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 45 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. బ్రాకెట్ మళ్లీ చేయించేటప్పుడే పంపును మెల్లగా జరిపే ఎనిమిది మిల్లీమీటర్ల జాకీ బోల్టు ఒకటి పెట్టించుకోండి. దాన్ని తిప్పుతూ బెల్టు బిగువు సరిచూసుకోవచ్చు, గడ్డపారతో తన్నిపట్టే పని ఉండదు. అది లేకపోతే గడ్డపారను పంపు పోత బాడీకి ఆనించాలి. ఆయిల్ డబ్బాకో, పైపుకో ఆనిస్తే రేకు నొక్కుకుపోయి కారడం మొదలవుతుంది.

బిగువు ఎంత? రెండు పుల్లీల మధ్య దూరం 180 నుంచి 280 మిల్లీమీటర్లు ఉంటే, నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు బెల్టు 6 మిల్లీమీటర్లు దిగాలి. 300 నుంచి 400 ఉంటే 12 మిల్లీమీటర్లు. ఇంతకంటే బిర్రుగా బిగిస్తే కూత కొన్నాళ్లు ఆగుతుంది, ఆ కొన్నాళ్లలో పంపు ముందువైపు బేరింగు అరిగిపోతుంది. బేరింగు ఆడితే షాఫ్టు ఆయిల్ సీలు అరుగుతుంది, సీలు అరిగితే ఆయిల్ బెల్టు మీద పడుతుంది, ఆయిల్ పడ్డ బెల్టు జారి మళ్లీ కూస్తుంది. అప్పుడు ఇంకా బిగిస్తారు. మంచి పంపులు ఇలాగే పోతాయి. మీది ఎనిమిది నెలలుగా బిగిస్తూనే ఉన్నారు కాబట్టి ఇక ఆలస్యం వద్దు. కొత్త బెల్టు వేసి బిగువు సరిచూశాక పావుగంట ఇంజిన్ నడపండి. రబ్బరు గాడిలో సర్దుకుని కొద్దిగా వదులవుతుంది, మళ్లీ సరిచేయండి. 500 కిలోమీటర్లకు ఇంకోసారి. ఈ రెండోసారి మానేస్తే కొత్త బెల్టు జారుతూ పక్కలు కాలి గాజులా నున్నబడుతుంది. ఒకసారి అలా అయిన రబ్బరుకు ఏ బిగువూ పట్టు తేలేదు.

సబ్బు, మైనం, గుగ్గిలం పొడి, బెల్టుకు కొట్టే స్ప్రే ఏదీ వాడొద్దని గట్టిగా చెబుతున్నాను. సబ్బు, మైనం వంకరను దాచిపెడతాయి. గుగ్గిలం జిగట మొదట పట్టినట్టే ఉండి దుమ్మును పట్టేసి గాడిని తింటుంది. నున్నబడ్డ పక్కలను గరుకు కాగితంతో రుద్దడం ఊరు చేరడానికి పనికొస్తుంది, అంతే. ఆయిల్ తడిసిన బెల్టును తుడిచి మళ్లీ వేయకండి. రబ్బరు లోపలిదాకా ఉబ్బి మెత్తబడి ఉంటుంది.

ఇక పంపు పోయిందా అనే మీ ప్రశ్నకు వస్తాను. బెల్టు విప్పినప్పుడు పంపు పుల్లీని చేత్తో తిప్పండి. కొద్దిపాటి బరువుతో సాఫీగా తిరిగితే పంపు బాగున్నట్టే. కరకరలాడినా, ఒక చోట పట్టినా, పుల్లీని పైకీ కిందికీ ఆడిస్తే టకటక కదిలినా బేరింగు పోయింది. ముందు సీలు దగ్గర తడి ఉందేమో వేలితో తుడిచి చూడండి. తర్వాత, ఆ బెల్టు వాటర్ పంపునో ఆల్టర్నేటర్‌నో కూడా తిప్పడం లేదని తేల్చుకుని, బెల్టు లేకుండానే ఒక నిమిషంలోపు ఇంజిన్ నడిపి వినండి. కీచు ఇంకా వస్తుంటే దోషం వేరే బెల్టుది. పొద్దున స్టార్ట్ చేయగానే వచ్చి, హెడ్‌లైట్లు వేస్తే పెరిగే కూత ఆల్టర్నేటర్ బెల్టుది. దాన్ని పవర్ స్టీరింగ్ మీద వేసి తిప్పలు పడేవాళ్లు తక్కువేం కాదు. స్టీరింగ్ తిప్పేటప్పుడు కీచు కాకుండా గుర్రుమని మూలుగు వస్తే అది ఆయిల్ తగ్గడం, లేదా గాలి చేరడం. డబ్బాలో నురుగు కనిపిస్తుంది. ముందు చక్రాలు జాకీతో లేపి, స్టాండుల మీద నిలిపి, ఇంజిన్ బంద్‌లోనే స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా ఇరవై సార్లు తిప్పండి. ఆయిల్ దిగినకొద్దీ డబ్బాలో పోస్తుండండి. నురుగు ఆగాక స్టార్ట్ చేసి మళ్లీ చూడండి. చాలా పంపులకు ఎర్రగా ఉండే డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే) ఆయిలే పడుతుంది, అయినా పంపు మూత మీద రాసి ఉన్నదే పోయండి. బ్రేక్ ఆయిల్ పొరపాటున కూడా కలపొద్దు, లోపలి సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

పంపు మీద బరువు తగ్గించడం డ్రైవర్ చేతిలో ఉంది. ముందు టైర్లలో గాలి తక్కువైతే, బాల్ జాయింట్లకు గ్రీజు లేకపోతే, నిలబడ్డ బండిలో లోడు మీద స్టీరింగ్ తిప్పితే ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. మార్కెట్ యార్డులో బస్తాలు దించకముందు రివర్స్ తిప్పేటప్పుడు బండిని కొద్దిగా కదలనిచ్చి అప్పుడు తిప్పండి. కొస దాకా తిప్పాక వేలెడంత వెనక్కి వదలండి, రిలీఫ్ వాల్వ్ మూసుకుంటుంది, బెల్టు ఊపిరి పీల్చుకుంటుంది. వాటర్ సర్వీసింగ్ చేయించిన తర్వాత మొదటి కొద్ది నిమిషాలు వచ్చే చిన్న కూతకు మాత్రం ఏ మరమ్మతూ అక్కర్లేదు, తడి ఆరగానే పోతుంది.

ఆ ఒక పక్క మెరిసిన పాత బెల్టును పారేయకండి. బ్రాకెట్ పట్టుకుని లేతు షాపుకు పోయేటప్పుడు దాన్ని కూడా తీసుకుపోండి. ఏ వైపు మెరిసిందో బండి మీదున్నప్పుడే సుద్దతో గుర్తు పెట్టుకుంటే, పంపు పుల్లీ ముందుకు జరిగిందా వెనక్కి జరిగిందా అనే సంగతి లేతు మనిషికి చూపించడం తేలిక. ఈ లోపల దారిలో బెల్టు తెగిందనుకోండి, స్టీరింగ్ బరువెక్కుతుంది గానీ పని చేస్తుంది. తెగిన ముక్కలు ఫ్యాన్‌లో చిక్కకుండా తీసేసి మెల్లగా ఊరు చేరొచ్చు. అదే బెల్టు వాటర్ పంపును కూడా తిప్పుతుంటే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, అక్కడే ఆపి కొత్త బెల్టు తెప్పించుకోండి.